దండెం మీది గూడు

పోపు పెట్టే ముందు సరోజన కిటికీ అద్దం లాగి గడియ వేసింది. నూనెలో ఎండుమిరపకాయలు పడగానే వంటిల్లంతా ఘాటు నిండింది. రెండు దగ్గులు దగ్గి, కొంగుతో ముక్కు మూసుకుని, గోడ మీది స్మోక్ అలారం మొత్తుకోకుండా దాని ముందు తువ్వాలు ఊపింది. ఇదివరకైతే కిటికీ బార్లా తెరిచి ఘాటునంతా పెరట్లోకి తోలేసేది. పక్కింటావిడ ఒకసారి వచ్చి, ఏమైనా తగలబడుతోందా అని ఎంతో మర్యాదగా అడిగి వెళ్ళింది కూడా. ఆవిడ కోసం మానని అలవాటును సరోజన ఇప్పుడు ఒక పిట్ట కోసం మానుకుంది.

పప్పులో పోపు కలిపి మూత పెట్టి, ఘాటు పూర్తిగా చల్లారిందని నమ్మకం కుదిరాకే కిటికీ తెరిచింది. పెరట్లో మేపుల్ చెట్టుకీ కంచె గుంజకీ మధ్య కట్టిన దండెం మీద, చెట్టు వైపు చివర, ఆకుల నీడలో గూడు కనిపించింది. గూటి అంచు మీదుగా రెండు సన్నటి ముక్కులు బయటికి పొడుచుకు వచ్చి ఉన్నాయి. "ఉన్నరా?" అని అడిగి, వాటి తరఫున తానే "ఉన్నం" అని జవాబు చెప్పుకుని, చపాతీల పిండి ముందు కూర్చుంది.

మిస్సిసాగాలో విమానాశ్రయానికి దగ్గరగా, ఇళ్ళన్నీ భుజం భుజం ఆనించుకుని నిలబడే వీధి అది. రెండేళ్ళుగా ఇండియా నుంచి చదువులకు వచ్చి పడుతున్న పిల్లలతో వీధిలో ఒక్క బేస్‌మెంటూ ఖాళీ లేదు. సరోజన ఇంటి కింది భాగంలోనూ అయిదుగురు ఆడపిల్లలున్నారు. వాళ్ళకే కాక చుట్టుపక్కల ఉండే తెలుగు పిల్లలందరికీ ఆమె వండుతుంది. మధ్యాహ్నానికి ఒక కారు వచ్చి డబ్బాలు తీసుకుపోతుంది, సాయంత్రం మరోసారి వస్తుంది. ఈ రెండు రాకల మధ్య ఆమె చేతులకు ఊపిరాడదు. అది ఆమెకు కష్టమేమీ కాదు. కోరుట్ల దగ్గర పుట్టి, గౌను వేసుకునే వయసు నుంచి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషి. తునికాకు కత్తిరించి, పొగాకు చల్లి, చుట్టి, దారం బిగించడం ఆ వేళ్ళు నిద్రలో కూడా చేసేవి. భర్త నర్సింహ ఏళ్ళ తరబడి దుబాయ్‌లో లారీ తోలి, అక్కడి నుంచే అప్లై చేసుకుని ఇక్కడికీ లారీ పనికే వచ్చాడు. వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు. దుబాయ్ ఉన్నప్పుడు రెండేళ్ళకోసారి కనిపించేవాడు కాబట్టి, వారానికోసారి కనిపించే మొగుణ్ణి సరోజన ఇంట్లో ఉన్నట్టే లెక్క వేసుకుంటుంది.

దండెం కూడా ఆమె పట్టుబట్టి కట్టించుకున్నదే. ఇంట్లో బట్టలు ఆరబెట్టే మెషిన్ ఉంది. కానీ మెషిన్‌లో ఆరిన బట్టకు ఎండ వాసన రాదని ఆమె ఫిర్యాదు. వీధిలో మరే పెరట్లోనూ లేని దండెం ఆమె పెరట్లో ఉంటుంది, దాని మీద ఎర్ర చీరలు జెండాల్లా ఎగురుతుంటాయి. వసంతం ముదిరాక ఒకరోజు తడి చీర ఆరేయబోతే, ఎప్పుడో మరిచిపోయిన క్లిప్పు మీద మట్టి పెళ్ళలాంటిది అంటుకుని కనిపించింది. గీకేద్దామని చెయ్యి పెట్టేలోపల ముఖం ముందు బుయ్యిమని ఏదో తిరిగింది. తుమ్మెద అనుకుని చీరతో విదిలించింది. అది పోలేదు, గాల్లోనే నిలబడి ఆమెను ఎగాదిగా చూసింది. దానికి ముక్కు ఉంది, పచ్చగా మెరిసే వీపు ఉంది.

"హమ్మింగ్‌బర్డ్ ఆంటీ అది! గూడు పెట్టుకుంటోందండి!" అని బేస్‌మెంట్ నుంచి పరుగెత్తుకొచ్చి చెప్పింది ధాత్రి. అమలాపురం పిల్ల. కాలేజీకీ పనికీ పోగా మిగిలిన కాస్త సమయమూ సరోజన వంటింట్లో గడిపేది ఆమే.

అంత పేరు సరోజన నోట పలకలేదు. తుమ్మెదపిట్ట అని తనే ఒక పేరు పెట్టింది. ఆ రోజు నుంచి దండెం మీద బట్ట పడలేదు. ఇంట్లో అందరి బట్టలూ కుర్చీల మీదా మెట్ల కమ్మీల మీదా ఆరాయి. ఎండ వాసన గురించి ఫిర్యాదు చేసే మనిషే మెషిన్ తలుపు తెరిచి గుడ్డలు కుక్కడం చూసి అమ్మాయిలు నవ్వుకున్నారు.

తల్లిపిట్ట సాలెగూడు పోగులు ముక్కున కరుచుకొచ్చి గూటి చుట్టూ చుట్టడం సరోజన కిటికీలోంచి చూసింది. పోగు చివర బిగించేటప్పుడు అది తల తిప్పే తీరుకు ఆమె ముచ్చట పడింది. చిక్కుడు గింజలంతేసి రెండు తెల్లటి గుడ్లు పెట్టాక, వానలో కూడా కదలకుండా వాటి మీదే కూర్చుంది.

"మొగపిట్ట ఏది? కనవడనే కనవడదు" అని అడిగింది సరోజన.

"మగది రాదంటండి. పిల్లల్ని తల్లి ఒక్కతే పెంచుకుంటుందంట."

"దుబాయ్ పోయిందేమో" అంది సరోజన. ధాత్రి నవ్వీ నవ్వీ గట్టు మీద ఉన్న పిండిలో చెయ్యి పెట్టేసింది.

పిల్లలు బయటపడ్డప్పుడు చూడటానికి ఏమంత బాగాలేవు. నల్లగా, గుడ్డిగా, గొంగళిపురుగుల్లా ఉన్నాయి. సరోజన స్టూలెక్కి చూసి, పైకి ఏమీ అనకుండా దిగింది. తర్వాత వాటి వీపుల మీద ముళ్ళలాంటివి మొలిచాయి. ఆ ముళ్ళు విచ్చుకుని ఈకలయ్యాయి. కళ్ళు తెరుచుకున్నాయి. ముక్కులు సాగాయి. పిల్లలు పెరిగేకొద్దీ గూడు కూడా రబ్బరులా సాగి వాటికి చోటిచ్చింది. రెట్ట వేయాల్సినప్పుడు అవి వెనక్కి జరిగి, తోకలు గూటి బయటికి ఎత్తి, ఇల్లు పాడుకాకుండా దూరంగా చిమ్మేవి. అది చూసిన రోజు సరోజన ఎంత మురిసిపోయిందంటే, ఆ సంగతి నర్సింహకు ఫోన్ చేసి మరీ చెప్పింది. లోడు దించుకుంటున్న నర్సింహ అవతల నుంచి, "గీ మాటకు ఫోన్ జేసినవా?" అన్నాడు గానీ పెట్టెయ్యలేదు.

ఆమె సంతోషానికి ఒక కారణం ఉంది. దాన్ని ఆమె ధాత్రికి చెప్పలేదు, తనకు తానూ పూర్తిగా చెప్పుకోలేదు. సరోజనకు పిల్లలు పుట్టలేదు. అత్తగారి ఊళ్ళో ఎవరింట్లో తొట్లె వేసినా ఆమెకు పిలుపు వచ్చేది. కొత్త గౌను పట్టుకుని వెళ్ళేది. ఆమె గడప దాటగానే ఎవరో ఒకరు తొట్లెలో బిడ్డ ముఖం మీదికి గుడ్డ లాగేవారు. గట్టిగా ఎవరూ ఏమీ అనేవారు కాదు. బొట్టు పెట్టేవారు, శనగలు చేతిలో పోసేవారు. ముఖం మాత్రం చూడనిచ్చేవారు కాదు. పిల్లలు లేనామె కన్ను తగులుతుందని తోడికోడలు పక్క గదిలో అంటుంటే ఒకసారి చెవిన పడింది. అప్పటి నుంచి సరోజన గౌను గడప దగ్గరే ఇచ్చి వచ్చేది. పిల్లలు ఎదురైతే పాదాలు చూసేది, ముఖాలు చూసేది కాదు. సముద్రాలు దాటి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఈ వీధిలో తోపుడు బండ్లలో పోయే పిల్లల బూట్ల రంగులు ఆమెకు తెలుసు. వాళ్ళ ముఖాలు తెలియవు.

దండెం మీది పిల్లల ముఖాలపైకి గుడ్డ లాగేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఆమె కడుపునిండా చూసింది. ఒకదానికి ఆత్రం ఎక్కువ, తల్లి రెక్క చప్పుడు వినపడగానే నోరు తెరుస్తుంది. రెండోది నిదానం, పక్కదానికి పెట్టాకే తెరుస్తుంది. ఆత్రపుదాన్ని పెద్దోడా అనీ, నిదానపుదాన్ని చిన్నోడా అనీ పిలిచేది.

పోపు పెట్టిన ఆ శనివారం మధ్యాహ్నం డబ్బాల కారు వెళ్ళిపోయాక బేస్‌మెంట్ అమ్మాయిల స్నేహితులు వచ్చారు. ధాత్రి ఫోన్‌లో పెట్టిన వీడియో చూసి, కాలేజీలో సగం మందికి తుమ్మెదపిట్టల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పెరట్లో స్టూలు వేసి ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. "ఎంత క్యూట్‌గా ఉన్నాయో!" అన్న మాట అందరి నోటా వచ్చింది. పిల్లలిప్పుడు గూట్లో పట్టడం లేదు. అంచు పట్టుకుని రెక్కలు ఆడించి, కొంచెం పైకి లేచి, మళ్ళీ కూలబడుతున్నాయి. ఇవాళో రేపో ఎగిరిపోతాయని ఒక కుర్రాడు అన్నాడు. సరోజన అందరికీ టీ ఇచ్చింది, సర్వపిండి ముక్కలు పెట్టింది. లోపల మాత్రం గుబులుగా ఉంది.

వచ్చినవాళ్ళు వెళ్ళారు. ధాత్రి కాఫీ షాపులో పనికి వెళ్ళింది. సరోజన స్టూలెక్కి చూస్తే చిన్నోడు అంచు మీదికి తల వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడని ఎవరికైనా తెలిసేదే. సరోజనకు మాత్రం అలా తోచలేదు. పది మంది కళ్ళు పడ్డాయి, దిష్టి కొట్టింది అనుకుంది. వంటింట్లోకి పరుగెత్తి గుప్పెడు కళ్ళుప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది. గూటి కింద నిలబడి చుట్టూ తిప్పింది. "ఇరుగోళ్ళది, పొరుగోళ్ళది, అచ్చినోళ్ళది, పోయినోళ్ళది" అంటూ ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించి, "నాది" అని కలిపింది.

దిష్టి తీసినవాటిని నిప్పుల్లో వేయాలి. ఇంట్లో చూస్తే కరెంటు పొయ్యి, దానిపైన ఆ మొత్తుకునే అలారం. అందుకని మాంసం కాల్చడానికి నర్సింహ కొనుక్కున్న బొగ్గుల గ్రిల్‌ను మెట్ల పక్కన అంటించింది. ఇన్నాళ్ళూ పోపుకు కూడా కిటికీ మూసిన మనిషి ఆ పని ఎలా చేసిందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె లెక్క ఆమెకుంది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు ఎన్ని కాల్చినా ఘాటు రాదు, దిష్టే ఆ ఘాటును తినేస్తుంది. చిన్నప్పటి నుంచీ విన్నది, కళ్ళారా చూసింది. ఇంతమంది చూసిపోయిన గూటికి తీస్తుంటే ఘాటు ఎక్కడి నుంచి వస్తుందని ధైర్యంగా గుప్పెడూ నిప్పుల్లో పోసింది.

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడ్డాయి. ఆ తర్వాత లేచిన ఘాటు ఇంతా అంతా కాదు. సరోజనకు కళ్ళు మండి నీళ్ళు ధారకట్టాయి. కంచె అవతల పక్కింటావిడ దగ్గుతూ లోపలికి పరుగెత్తి తలుపు వేసుకుంది. గాలి సరిగ్గా చెట్టు వైపే తిరిగింది. అప్పుడే తిండి తెచ్చిన తల్లిపిట్ట పొగ ముందు గాల్లో నిలిచి, అటూ ఇటూ ఊగి, కంచె మీదుగా వెళ్ళిపోయింది. సరోజన కంగారులో బకెట్ నీళ్ళు గుమ్మరించింది. దాంతో పొగ మరింత పెద్ద మేఘమై గూటిని కప్పేసింది. గ్రిల్‌ను కాలితో తోసి, చేత్తో లాగి, చెయ్యి కాల్చుకుని, ఎలాగో ఇంటి ముందుకు ఈడ్చుకెళ్ళింది. తిరిగి వచ్చేసరికి పొగ విడిపోయింది. పిల్లలు రెండూ గూటి అడుగుకు నక్కి ఉన్నాయి. తల్లి లేదు.

మామూలుగా నాలుగైదు చపాతీలు కాలేలోగా అది ఒకసారి వచ్చి పోయేది. సరోజన సాయంత్రం డబ్బాల కోసం పిండి ఒత్తుతూ, ఒక్కో చపాతీకి ఒకసారి కిటికీ వైపు చూసింది. పిండి సగమైంది. పిండి అయిపోయింది. డబ్బాలు కట్టడమూ అయింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తున్నాయి. పెద్దోడి మెడ వాలిపోతోంది. దిష్టి ఎవరిదో కాదు, అందరికంటే ఎక్కువ చూసింది తనే కదా అనుకుంది సరోజన. ఎన్నో ఏళ్ళ కింద తొట్లె మీద గుడ్డ లాగిన చేతులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాళ్ళకు తెలిసే లాగారేమో అనిపించింది.

ధాత్రి వచ్చేసరికి సరోజన గిన్నెలో చక్కెర నీళ్ళు కలిపి, చెంచా పట్టుకుని పెరటి తలుపు దగ్గర నిలబడి ఉంది. జరిగిందంతా విని ధాత్రి చెంచా లాక్కుంది.

"వద్దండి ఆంటీ. గొంతులో అడ్డం పడిపోద్ది. మనం అక్కడ తిరుగుతుంటే తల్లి అస్సలు రాదంట. లోపలే ఉందాం రండి."

"ఉండి ఏం జెయ్యాలె?"

"ఏం చెయ్యకూడదండి. అంతే."

ఏమీ చేయకుండా కూర్చోవడం సరోజనకు తెలియని పని. కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చాట లేకపోయినా, పొగాకు లేకపోయినా, వేళ్ళు వాటంతటవే చుట్టడం మొదలుపెట్టాయి. ధాత్రి ఆమె కాలిన చేతికి వెన్న రాస్తుంటే రెండో చేతి వేళ్ళు ఖాళీ గాల్ని చుడుతూనే ఉన్నాయి. అప్పుడు ఫోన్ మోగింది. సడ్‌బరీ ఊరు దాటి లారీ ఆపి, రోజూలాగే నర్సింహ చేశాడు.

"ఏమైందే, గొంతు గట్లున్నది?"

"తల్లి అస్తలేదు. నేనే పొగవెట్టి ఎల్లగొట్టిన."

ఆమె మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. నర్సింహ మధ్యలో నవ్వలేదు.

"పిలగాండ్లు గంతమంది జూసిన్రు. నేను అందరికన్న ఎక్కువ జూసిన. మీ ఊరోళ్ళు నన్ను ఎర్కవట్టే దూరం వెట్టిన్రు గావచ్చు. నా కన్నే మంచిది గాదు."



"సరోజా, ఒక్కటి జెప్పు. ఘాటచ్చిందా?"

"ఏం ఘాటు! కండ్లల్లకెల్లి నీళ్ళు గారినయ్. పక్కింటామె దగ్గి దగ్గి సచ్చింది."

"మరి ఇంకేందే? దిష్టుంటే ఘాటెట్లస్తది? గంత ఘాటచ్చిందంటే పిలగాండ్లది లేదు, ఊరోళ్ళది లేదు, నీదసలే లేదు. ఉత్త మిరపకాయల పొగ. పొగకు పిట్ట భయపడ్డది, పొగ పోతే అస్తది."

సరోజన ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"ముప్పై ఏండ్ల సంది నన్ను జూస్తున్నవ్. ఇన్ని రోడ్లు తిరిగిన, మంచుల తోలిన, లారీకి గీత గూడ వడలే. నీ కన్ను గంత మంచిది. జూడు పో."

ఫోన్ పెట్టేశాక సరోజన మొగుడి మాటలు మళ్ళీ మొదటి నుంచీ తిరగేసింది. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందా అని వెతికింది. దొరకలేదు. దిష్టి ఉంటే ఘాటు రాదు, ఘాటు వచ్చింది కాబట్టి దిష్టి లేదు. అమ్మ చెప్పిన మాట, అమ్మమ్మ చెప్పిన మాట. ఎందరి పిల్లలకో దిష్టి తీస్తుంటే చూసింది గానీ, ఆ మాటను, తన మీదికి తిప్పి చూసుకోవాలని ఒక్కసారీ తోచలేదు. వేళ్ళు చుట్టడం ఆపేశాయి. లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, గూటి వైపు తలెత్తి, ధైర్యంగా పిల్లల ముఖాలనే చూస్తూ నిలబడింది.

వాలుతున్న ఎండ చెట్టు మీద పసుపు పచ్చగా పడింది. ఎక్కడో బుయ్యిమన్నట్టు వినిపించి, ధాత్రి ఆమె భుజం పట్టుకుంది. తల్లిపిట్ట మొదట కంచె మీద వాలింది, తర్వాత చెట్టు కొసకు వెళ్ళింది, గ్రిల్ ఉన్న చోటుకు వచ్చి గాల్లో నిలబడి తనిఖీ చేసింది. ఆ తర్వాతే గూటి అంచు మీదికి వచ్చింది. పెద్దోడి గొంతులోకి ముక్కు మొత్తం, దబ్బనం దింపినట్టు దింపి తిండి పోసింది. చిన్నోడు తన వంతు వచ్చేదాకా ఆగి, అప్పుడు నోరు తెరిచాడు. సరోజన ఏడ్చింది. ఈసారి మిరపకాయల పని కాదని ధాత్రికి తెలిసింది. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని, "చెప్పానా ఆంటీ" అంది.

తల్లి మరో రెండుసార్లు వచ్చి పోయింది. ఆ తర్వాత పెద్దోడు అంచెక్కి రెక్కలు ఆడించాడు. రోజూ చేసే పనే కదా అని ఇద్దరూ చూస్తున్నారు. కొంచెం పైకి లేచాడు, కూలబడలేదు. గాల్లో ఒక్క క్షణం తెల్లబోయినట్టు నిలిచి, వంకరగా పోయి, మేపుల్ కొమ్మను పట్టుకున్నాడు. ధాత్రి ఫోన్ తీయడం కూడా మరిచిపోయి చప్పట్లు కొట్టింది. తర్వాత సంబరంగా ఈ వార్త మోసుకుని కింద అమ్మాయిల దగ్గరికి దిగింది.

చిన్నోడు ఒక్కడే గూట్లో విశాలంగా కూర్చున్నాడు. ఇంకా వెలుగుంది. సరోజన పప్పు గిన్నె తోమడానికి కుళాయి తిప్పింది. "నీకేం తొందర లేదు బిడ్డా" అని కిటికీలోంచి చెప్పింది. గిన్నె కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని తలెత్తేసరికి గూడు ఖాళీగా ఉంది. దండెం సన్నగా ఊగుతోంది.

ధాత్రి అమ్మాయిలందరినీ వెంటబెట్టుకుని పైకి వచ్చింది. "అయ్యో, రెండోది కూడా వెళ్ళిపోయిందా? ఇప్పుడు మనకేం తోస్తుందండి?"

"చెట్టు మీదనే ఉంటరు, ఏడికి వోతరు? రేపు చూద్దాం. పెద్దోడెవడో చిన్నోడెవడో మొకం జూసి నేను జెప్తా" అంది సరోజన.

అమ్మాయిలు కిందికి వెళ్ళాక ఆమె స్టూలు తీసుకుని పెరట్లోకి వచ్చింది. పిల్లలు బెదురుతారని ఇన్నాళ్ళూ స్టూలెక్కినా కాస్త ఎడంగానే చూసిన గూట్లోకి మొదటిసారి ముఖం దగ్గరగా పెట్టి చూసింది. బయట సాలెపోగులు, బూడిదరంగు నాచు. లోపల, పిల్లల బరువుకు అణిగిపోయిన మెత్తటి పొరలో, తాను శుక్రవారాలు పెరటి మెట్ల మీద కూర్చుని పసుపు చేతులతో దీపం ఒత్తులు చేసుకునే దూది పోగు ఒకటి, ఇంకా పసుపు రంగు వదలకుండా ఉంది.